హెసెద్ పాఠానికి సెఫారియా: పనికొచ్చేదే, కాస్త చూసుకుని వాడాలి

యూదు గ్రంథాల ఉచిత డిజిటల్ లైబ్రరీ సెఫారియా. హీబ్రూ మూలం, ఇంగ్లిష్ అనువాదం పక్కపక్కనే ఉంటాయి. ఖాతా తెరిస్తే మనకు కావలసిన వాక్యాలను ఒకే షీట్‌గా కూర్చుకోవచ్చు.

‘హెసెద్’ అంటే హీబ్రూలో దయ, కృప. ఆ పాఠానికి ఒక పీరియడ్‌లో నాలుగు మూలాలు చాలు: బైబిల్‌లోని రూతు గ్రంథం 1:8, 2:20, 3:10, ఆపై యూదు ధర్మచర్చల గ్రంథం తల్ముద్‌లో సుక్కా అనే భాగం, 49బి పుట. ఇంకా ఎక్కిస్తే పిల్లలు చదవడంతోనే గంట అయిపోతుంది, చర్చ మిగలదు.

చిక్కల్లా అనువాదంలోనే. రూతులోని మూడు చోట్లా హీబ్రూలో హెసెద్ అనే ఉంది. 1985 నాటి జేపీఎస్ (జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ) ఇంగ్లిష్ అనువాదంలో మాత్రం మూడో చోట అది ‘విధేయత’ అర్థమిచ్చే మాటగా మారింది. ఇంగ్లిష్ ఒక్కటే చూసే విద్యార్థికి ఆ దారం తెగిపోతుంది. అందుకే హీబ్రూ వరుసను తీసేయకుండా, ఆ పదానికి రంగు వేయించాలి. తెలుగు బైబిల్ చదివేవాళ్లకూ ఇదే తంటా: కీర్తన 136లో ‘కృప’, మీకా 6:8లో ‘కనికరము’. రెంటి వెనకా ఉన్నది హెసెదే.

సుక్కా 49బి అసలు పట్టు. దానధర్మం డబ్బుతోనే, హెసెద్ ఒంటికష్టంతో కూడా; అది పేదలకే, ఇది ధనికులకూ; అది బతికున్నవారికే, ఇది చనిపోయినవారికీ. ఇక్కడ బోల్డ్ అక్షరాలే తల్ముద్ మాట, మామూలు అక్షరాలు తల్ముద్ వ్యాఖ్యాత రబ్బీ స్టైన్‌సాల్ట్స్ వివరణ. ముందే చెప్పకపోతే వివరణనే మూలమని రాసేస్తారు.

ఇంటర్‌ఫేస్ హీబ్రూ, ఇంగ్లిష్‌లలోనే. చిన్న తరగతులకు షీట్ ప్రింట్ తీసి ఇవ్వడమే మేలు. తెరమీదైతే పక్క ప్యానెల్‌లోని వ్యాఖ్యానాల్లో తప్పిపోతారు.