స్కూలు బస్సులో అరకు ఘాట్: వెనక బిగించిన నీళ్ళ ట్యాంకు

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యేదాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికల్లా బయల్దేరితే పెందుర్తి దగ్గర రద్దీ తప్పుతుంది, అంతే. పాత స్కూలు బస్సు కొని, సీట్లు పీకించి, మంచాలూ వంటగట్టూ పెట్టించి ఈ కొండ ఎక్కాలనుకునేవాళ్ళు ఒక్క పని చేయాలి. లోపలి సోకు తర్వాత చూసుకోవచ్చు, ముందు బండి కింద దూరి ఏది ఎక్కడ బిగించారో చూడాలి.

మేం వెళ్ళింది అలాంటి బస్సులోనే. దాన్ని కట్టిన షాపు రూ.4,20,000 తీసుకుంది. చెక్కపనికి వంక పెట్టలేం. కానీ 300 లీటర్ల నీళ్ళ ట్యాంకును వెనక ఇరుసుకు 2 మీటర్లు వెనగ్గా, డిక్కీ జాగాలో బిగించారు. అక్కడైతే పైపుల పని తక్కువ. అడిగితే ‘పెద్ద బండి సార్, 300 కిలోలు దానికో లెక్కా?’ అన్నారు. లెక్కే. ఇరుసుల మధ్య దూరం 4.2 మీటర్లు. 300ని 2తో హెచ్చించి 4.2తో భాగిస్తే 143 వస్తుంది. ట్యాంకు నిండగానే ముందు చక్రాల మీద 143 కిలోల బరువు తగ్గి, వెనక ఇరుసు మీద 443 కిలోలు అదనంగా పడుతుందన్నమాట. చదును రోడ్డు మీద ఇది తెలియదు. ఘాట్‌లో టైడా అనే ఊరు దాటాక తడిసిన మలుపులో తెలుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా కోసినా ముందు టైర్లు పట్టు దొరక్క బర్రుమని జారుతాయి, బస్సు అరమీటరు తిన్నగా పోయి అప్పుడు తిరుగుతుంది. ఆ అరమీటరు ఎటువైపు పోతుందో ఘాట్ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, ఛాసిస్‌కు వీలైనంత కిందగా ఉండాలి. లోపల అడ్డుపలకలు ఉండాలి. అవి లేని ట్యాంకు సగం నిండి ఉంటే మరీ చెడ్డది. మలుపు అయిపోయాక కూడా నీళ్ళు ఒకవైపుకు కొట్టుకుంటూనే ఉంటాయి. అలాంటి ట్యాంకుతో కొండెక్కక తప్పకపోతే శృంగవరపుకోటలోనే ఖాళీ చేసి, పైన నింపుకోండి. బయల్దేరే ముందు కాటా దగ్గర ముందు చక్రాలు మాత్రం పెట్టి ఒకసారి, మొత్తం బండి ఒకసారి తూయించండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడూ నిండుగా ఉన్నప్పుడూ తూయిస్తే రూ.400 అయింది. అంతకంటే మంచి ఖర్చు ఈ ప్రయాణంలో లేదు.

హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఇంకో లెక్క ఉంది. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో తిరిగేటప్పుడు, ఇరుసుల మధ్య 4.2 మీటర్లున్న బండికి వెనక చక్రాలు ముందు చక్రాలకంటే 90 సెంటీమీటర్ల పైగా లోపలికి కోస్తాయి. అందుకే మలుపు లోపలివైపు కాలువ ఉంటే వెనక టైరు అందులో దిగుతుంది. ముందు టైరు మలుపు మధ్యకు వచ్చేదాకా తొందరపడి తిప్పకూడదు. మరోపక్క బస్సు తోక బయటివైపుకు ఊడ్చుకుంటూ వస్తుంది, పక్కన బైకు ఉంటే దానికే తగులుతుంది. కిందికి దిగి చూసే మనిషి ఒకరు ఉండి తీరాలి. ఇరుకు చోట దిగే బండే ఆగి ఎక్కే బండికి దారివ్వాలన్నది నిబంధన. కార్లవాళ్ళు పాటించరు, హారన్ మొహమాటపడకుండా కొట్టండి. వెనక మంచం మీద ఎవరినీ పడుకోబెట్టొద్దు, ఊపంతా అక్కడే. పిల్లలకు రెండుసార్లు వాంతులయ్యాక ముందు సీట్లోకి మార్చితే కుదుటపడ్డారు. మాతో వచ్చిన పెద్దావిడ మాత్రం గాలికొండ వ్యూపాయింట్ దాకా మాట్లాడలేదు.

ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. షాపు రెండో తప్పు ఇక్కడ బయటపడింది. ఇన్వర్టర్‌కు వైరింగ్ లాగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి ఇంజన్‌తోనే బండిని నెమ్మది చేసే బ్రేకు) వైరు తెంపేసి వదిలేశారు. డ్యాష్ మీద స్విచ్ ఉంది, నొక్కితే లైటూ వెలుగుతుంది, సైలెన్సర్ దగ్గర కవాటం మాత్రం కదలదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి, ఒకరు స్విచ్ నొక్కుతుంటే ఇంకొకరు బండి కింద చెవిపెట్టి వినాలి. గాలి ‘టప్’మని, సైలెన్సర్ శబ్దం మూసుకుపోయినట్టు మారితేనే అది పనిచేస్తున్నట్టు. లైటును నమ్మొద్దు.

ఎందుకింత పట్టుదల అంటే, 8 టన్నుల బస్సు 900 మీటర్ల ఎత్తునుంచి దిగితే పుట్టే వేడి దాదాపు రెండు లీటర్ల డీజిల్ మండితే వచ్చేంత. దాన్ని ఇంజన్ మోయకపోతే నాలుగు బ్రేకు డ్రమ్ములు మోయాలి. టైడాలో టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు ‘ఎక్కిన గేర్లోనే దిగాల బాబూ’ అన్నాడు, అంతకుమించిన సూత్రం లేదు. రెండో గేరులో ఎక్కిన చోట రెండులోనే దిగాలి, గేరు దిగువకు వేయడం వాలు మొదలవకముందే అయిపోవాలి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. వేగం 30కి చేరనిచ్చి, గట్టిగా నొక్కి 20కి తెచ్చి వదిలేయాలి. ఊరికే పంపు కొట్టినట్టు కొడితే బ్రేకులకు కావాల్సిన గాలి అయిపోతుంది, ప్రెషర్ బజర్ మోగితే ఎక్కడున్నా ఆపేయాల్సిందే. కాలిన వాసన వస్తే వెడల్పు జాగా చూసి ఆపి, చక్రాలకు కర్ర దిమ్మెలు వేసి అరగంట వదిలేయండి. వేడి డ్రమ్ముల మీద నీళ్ళు పోస్తే పగులుతాయి. స్కూలు బస్సుకు వేగాన్ని కట్టేసే స్పీడ్ గవర్నర్ ఉంది కదా అని ధీమా పడొద్దు. అది డీజిల్‌ను ఆపుతుంది, వాలులో బండిని ఆపదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడింది ఈ దారిలోనే. చీకటిపడ్డాక, పొగమంచులో దిగొద్దు. చలికాలంలో మంచు విడిచాకే కదలాలి.

బస విషయానికొస్తే, అరకులో ఒక రిసార్టు ‘బస్సు రేటు’ అని పార్కింగ్‌కే రూ.800 తీసుకుంది. నేల వాలుగా ఉంది, నీళ్ళకు ఇంకో 200, మరుగుదొడ్డి తొమ్మిదింటికి తాళం. రాత్రంతా తలవైపు పల్లంగా పడుకున్నాం. రెండో రాత్రి అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఒక గిరిజన కుటుంబం పెరట్లో పెట్టాం, రూ.300. గట్టి నేల, కుళాయి నీళ్ళు, పైగా వాళ్ళే కాల్చిచ్చిన బొంగులో చికెన్ రూ.350. బొంగు చీల్చగానే ఆకుల్లోంచి వచ్చిన ఆవిరికి పెద్దావిడ కూడా లేచి కూర్చుంది. బొర్రా గుహలు మామూలే, ఆదివారం వద్దు, బస్సు తిప్పే జాగా దొరకదు.

డీజిల్ రానూపోనూ, మధ్యలో తిరుగుళ్ళతో కలిపి 46 లీటర్లు, సగటున లీటరుకు ఐదున్నర కిలోమీటర్లు. ఘాట్ ఎక్కేటప్పుడు మూడుకు పడిపోతుంది. ఇంకొకటి, బస్సును ఇలా మార్చాక ఆర్సీలో మార్పు ఎక్కించుకోవాలి, పసుపు రంగు తీసేయాలి. షాపు ఆ సంగతీ చెప్పలేదు. తిరిగొచ్చాక వేరే మెకానిక్ దగ్గర ఎగ్జాస్ట్ బ్రేక్ వైరు, కవాటం శుభ్రానికి రూ.2,800, ట్యాంకును ఇరుసుల మధ్యకు మార్చి అడ్డుపలకలు వేయించడానికి రూ.14,500 అయింది. బిల్లులు పట్టుకుని మొదటి షాపుకు రెండుసార్లు వెళ్ళాం, ఒక్క రూపాయి తిరిగివ్వలేదు.