గోదారి జిల్లాలో ఉండి మట్టి పార్సిల్ తెప్పించుకున్నాను: కారు క్లే బార్, క్లే మిట్ వాడిన అనుభవం

పార్సిల్ విప్పేటప్పుడు మా నాన్నగారు పక్కనే ఉన్నారు. లోపల సబ్బుబిళ్లంత నీలం ముద్ద. 100 గ్రాములు, 450 రూపాయలు.

"ఏంట్రా ఇది?"

"క్లే నాన్నగారూ. కారు మీద రుద్దడానికి. బంకమట్టి లాంటిది."

ఆయన కళ్లజోడు తీసి మరీ నావంక చూశారు. "ఊరి చుట్టూ చెరువులు తవ్విన మట్టి గుట్టలు పడుంటే, నువ్వు మట్టి పార్సిల్ తెప్పించుకున్నావా?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదండి. మా వైపు స్థలం మెరక చేయించుకోడానికి మట్టి టిప్పర్ల లెక్కన కొంటాం గానీ గ్రాముల లెక్కన కొన్నవాణ్ణి నేనే మొదటివాణ్ణేమో. కాకపోతే ఇది మట్టి కాదు. సాగే పాలిమర్‌లో సన్నటి రాపిడి పొడి కలిపి చేసిన ముద్ద. మొదట చేసింది జపాన్ వాళ్లు. షాంపూ పెట్టి కడిగినా వదలకుండా పెయింటుకి కరుచుకుపోయిన మురికిని తనకి అంటించుకుని లాగేస్తుంది. అంతవరకే దాని పని. గీతలు పోగొట్టదు, మెరుపు తేదు.

నాకు దీని అవసరం ఎందుకొచ్చిందంటే, నాది రొయ్యల మేత కంపెనీ ఉద్యోగం. ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు ఊళ్లలో రోజూ చెరువు గట్ల మీదే తిరుగుడు. 2019లో కొన్న తెల్ల కారు. ఇల్లేమో భీమవరంలో రైలు పట్టాలకి ఆనుకున్న వీధిలో. వానాకాలం వెళ్లాక చూస్తే బానెట్ మీద, వెనక డిక్కీ మీద ఆవగింజలో సగం ఉండే ఎర్ర చుక్కలు. పెయింటు తుప్పు పట్టేసిందని నేను బెంగపెట్టుకున్నా. తీరా అది రైలు ధూళట. చక్రం, పట్టా, బ్రేకు ఒకదానికొకటి రాసుకుని రాలే ఇనుప రజను గాలిలో వచ్చి వాలుతుంది, మన తేమకి అక్కడే తుప్పు పడుతుంది. తుప్పు ఆ రజనుది, కారుది కాదు. నల్ల కారైతే అసలు కనపడవు. తెల్ల కారు వాళ్లకే ఈ యోగం.

దీనికి తోడు రైస్ మిల్లుల ఊక బూడిద. నేను తిరిగే దారిలో మిల్లులకి లోటు లేదు. కారు ఒక గంట నిలిపితే చాలు, అద్దం మీద నల్లటి పొర. ఈ బూడిదని తేలిగ్గా తీసుకోకండి. అందులో ఎక్కువ భాగం సిలికా. మా అమ్మమ్మ ఇత్తడి బిందెలు తోమింది దీనితోనే. బిందె మీది కిలుం వదలగొట్టిన బూడిద కారు మీదుండగా మీరు క్లే రుద్దితే ఏమవుతుందో ఆలోచించుకోండి. అందుకని ముందు నీళ్లు ధారగా కొట్టి, షాంపూతో కడిగి, మళ్లీ నీళ్లు కొట్టి, అప్పుడే ముద్ద తియ్యాలి.

క్లే అవసరమో కాదో తెలుసుకోడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, వేళ్లతో మెల్లగా రాయండి. ఉత్త చేతికి నున్నగా తగిలేది కవరుతో రాస్తే బొంబాయి రవ్వ చల్లినట్టు తెలుస్తుంది. నా కారు తలుపులు బాగానే ఉన్నాయి. బానెట్, టాపు, డిక్కీ మాత్రం గరుకు కాగితమే.

క్లే కన్నా ముందు ఐరన్ రిమూవర్ కొట్టాను. అరలీటరు సీసా 600. చల్లిన రెండు మూడు నిమిషాలకి ఒక్కో చుక్క దగ్గరా నేరేడుపండు రంగు పుట్టి కిందికి కారడం మొదలైంది. మా పాప వీధిలో పిల్లలందర్నీ పిలుచుకొచ్చింది, కారుకి రక్తం కారుతోందని. వాసన మాత్రం చెప్పలేనండి. రొయ్యల చెరువు అడుగున నల్లమట్టి కదిపితే వచ్చే కంపు మీరెరిగుంటే అదే. ఇందులో ఉండే థయోగ్లైకొలేట్ జాతి రసాయనమే అవాంఛిత రోమాలు తీసే క్రీముల్లోనూ ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఎండలో కొట్టకండి, కారు మీద ఆరిపోనివ్వకండి. దీనితోనే ఎర్ర చుక్కలు ముప్పాతిక వంతు పోయాయి. పట్టాల పక్కన ఉండేవాళ్లు క్లే కన్నా ముందు దీని మీద డబ్బు పెట్టండని నా మాట.

ఇక ముద్ద సంగతి. మొత్తం ఒకేసారి వాడకండి, మూడు ముక్కలు చేసుకోండి. ఒక ముక్కని చేగోడీ పిండిలా పిసికి, అరచేతిలో సగం ఉండేలా బిళ్ల చేసుకోవాలి. డిసెంబరు పొద్దున అది రాయిలా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో వేసి తీశాను. పెయింటు మీద జారుడు నీళ్లు ధారాళంగా చల్లి, రెండు జానల చోటు మాత్రమే తీసుకుని, నిలువుగా పోయి నిలువుగా రావాలి, గుండ్రంగా తిప్పకూడదు. నొక్కక్కర్లేదు. మొదట్లో ముద్ద కింద కరకరమని సన్నటి చప్పుడు, చేతికి ఎక్కడో పట్టినట్టుంటుంది. నాలుగైదుసార్లు పోయొచ్చాక చప్పుడు ఆగిపోతుంది, ముద్ద జర్రున జారుతుంది. అక్కడికి అయిపోయినట్టు. తిరగేసి చూస్తే నీలం బిళ్ల మీద గోధుమరంగు చారలు. దాన్ని లోపలికి మడిచి, కొత్త ముఖం తీసి, పక్క చోటికి పోవాలి.

ఆ జారుడు నీళ్లకని ముద్దతో పాటు చిన్న స్ప్రే సీసా ఒకటి ఇచ్చారు. అది బానెట్టుకీ, ముందు చక్రం మీదుండే ఫెండరు రేకు ఒకదానికీ సరిపోయింది. కారంతటికీ సరిపడా ఇస్తే వాళ్ల సొమ్మేం పోయిందో తెలీదు. మిగతాదానికి లీటరు నీళ్లలో మూత నిండా కారు షాంపూ కలిపి స్ప్రే సీసాలో పోసుకున్నా, బాగానే జారింది. గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం నేను వాడలేదు, వాడమని చెప్పను.

టాపు మీద చేస్తుండగా ఒక ముక్క జారి కింద ఇసుకలో పడింది. పడిందంటే పారెయ్యాల్సిందే, అంటుకున్న ఇసుక కడిగితే పోదు. నేను చెత్తబుట్టలో వేస్తుంటే నాన్నగారు అరుగు మీంచి, "మట్టి మట్టిలో పడితే ఏమైందిరా, దులుపుకో" అన్నారు. 150 రూపాయలు.

పోనివి కూడా చెప్పాలి. మా బోరు నీళ్లు ఉప్పన. కడిగి తుడవకుండా వదిలేసిన రోజుల తాలూకు తెల్లటి నీటి మరకలు క్లేతో ఒక్కటీ కదల్లేదు. వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి తుడిచి కడిగితే కొన్ని పోయాయి, పెయింటులోకి దిగిపోయినవి అలాగే ఉన్నాయి. కాకిరెట్ట మచ్చ కూడా అంతే. ఇప్పుడు ఆఖరి బకెట్లు రెండూ మున్సిపాలిటీ కుళాయి నీళ్లతో పోస్తున్నా.

మొత్తానికి కవరు తొడుక్కుని మళ్లీ రాసి చూస్తే కవరు గాజు మీద జారినట్టు జారింది. నాకు గర్వం పట్టుకుంది. అదే కొంప ముంచింది.

సంక్రాంతికి మా బావమరిది హైదరాబాద్ నుంచి నల్ల కారులో దిగాడు. ఈలోపు నేను క్లే మిట్ కూడా తెప్పించాను, 700. అంటే చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ గ్లవ్, ఒకవైపు క్లే లాంటి రబ్బరు పూత. దీని సుఖం దీనిదే. కింద పడితే కడుక్కోవచ్చు, పిసికే పని లేదు, ముద్దతో రెండున్నర గంటలు పట్టిన కారు అరగంటలో అయిపోతుంది. కొత్తదాన్ని ముందు అద్దాల మీద రుద్ది పూత పైపొర వదిలించుకుంటే మంచిది. కాకపోతే ఎంత మురికి పట్టుకుందో ముద్దలో కనపడినట్టు ఇందులో కనపడదు. పైగా నేను కొన్నది మీడియం గ్రేడు, అంటే కొంచెం గరుకుది. నీలం రంగు చూసి మెత్తటిదే అనుకున్నా. రంగుల లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుందండి, ఫైన్ అని రాసుందా లేదా చూసుకోండి.

కనుమనాడు పదింటికి, ఎండెక్కాక, వాడు పందేల బరి దగ్గర్నుంచి వచ్చేలోపు అయిపోవాలని హడావిడిగా, షాంపూ నీళ్లు కూడా పొదుపుగా కొట్టి వాడి కారుని ఆ మిట్‌తో రుద్దేశాను. బానెట్ వేడికి నీళ్లు చల్లినవి చల్లినట్టే ఆరిపోతున్నాయి. సాయంత్రం వీధి దీపం కింద చూస్తే బానెట్ అంతా పొగమంచు పట్టినట్టు మసక, అందులో నిలువు గీతలు. నా తెల్ల కారు మీదా ఇలాంటివి పడే ఉంటాయి, తెలుపులో తెలియలేదంతే.

"బావా, కొబ్బరి పీచు పెట్టి తోమావా?" అన్నాడు వాడు. కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

తణుకులో ఒక షాపులో మెషిన్ పాలిష్ పట్టిస్తే మసక పోయింది, నా జేబులోంచి 2,500 పోయాయి. అక్కడి కుర్రాడే చెప్పాడు, రంగు మీద ఉండే క్లియర్ కోటు మన వెంట్రుక కన్నా పల్చన, పాలిష్ పట్టినప్పుడల్లా అందులోంచి కొంచెం పోతుంది, తిరిగి రాదని. అందుకే నల్ల కారు, ముదురు రంగు కారు ఉన్నవాళ్లు ఫైన్ ముద్దే కొనుక్కుని, ఎండ రాకముందు, బానెట్ మూలన జానెడు చోట చేసి చూసుకుని ముందుకెళ్లండి. మెరుపు లేని మ్యాట్ పెయింటు మీద అసలు వద్దు. నెలనెలా చెయ్యడమూ వద్దు. నేను ఏడాదికి ఒకసారి, వానలు వెళ్లాక, అదీ కవరు గరుకు తగిలితేనే. చేసిన రోజే వ్యాక్స్ పెట్టాలి, ఎందుకంటే క్లే పాత వ్యాక్స్‌ని కూడా ఊడ్చుకుపోతుంది.

ముద్దకి ఐదులో నాలుగు ఇస్తాను, ఆ స్ప్రే సీసా పిసినారితనానికి ఒకటి కోత. మిట్‌కి మూడు. అందులో దాని తప్పెంతో నాదెంతో తేల్చలేను. ఇప్పుడు దాన్ని ముందు అద్దానికి వాడుతున్నా, వైపర్ కీచుమనడం పోయింది.

మా బావమరిది మొన్న ఫోన్లో, వచ్చే పండక్కి కారు తేనని చెప్పాడు. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీస్తాడట. అది మా ఇంటి పక్కనించే వెళ్తుంది, నా బానెట్ మీద రజను రాల్చుకుంటూ.