200 గ్రాముల ఈపీపీ విమానం: కొన్నేళ్లు ఎగరేశాక నా మాట

3డీ ఏరోబాటిక్స్ (విమానాన్ని గాల్లో ఒకే చోట నిలబెట్టడం, చాలా నెమ్మదిగా తిప్పడం లాంటి విన్యాసాలు) నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఈపీపీ (ఎక్స్‌పాండెడ్ పాలీప్రొపిలీన్) ఫోమ్‌తో చేసిన చిన్న ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) విమానం కంటే మంచిది నాకు ఇంతవరకు కనిపించలేదు. అయితే అది ఎంత బాగా ఎగురుతుందనేది మనం ఎంత తిన్నగా కట్టాం, కట్టాక సెటప్ మీద ఎంత ఓపిగ్గా కూర్చున్నాం అనేదాన్ని బట్టే ఉంటుంది. ఒకే రకం కిట్‌తో ఇద్దరు కట్టిన విమానాలు గాల్లో పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తించడం చాలాసార్లు చూశాను.

నాది యాక్-55 అనే సోవియట్ విన్యాసాల విమానం ఆకారం. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 80 సెంటీమీటర్లు. శరీరం బోలుగా ఉండదు. అడ్డంగా ఒక ఫోమ్ పలక, దానికి పైనా కిందా నిలువుగా మరో రెండు పలకలు, అంతే. ఇలాంటి కిట్లకి చెక్ రిపబ్లిక్‌లోని ఆర్‌సీ ఫ్యాక్టరీ బాగా పేరున్న సంస్థ. యాక్, ఎక్స్‌ట్రా, ఎడ్జ్ లాంటి విన్యాసాల విమానాల ఆకారాల్లో ఇప్పుడు ఇంకా చాలామంది తయారు చేస్తున్నారు. నేనుండేది అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో. చలికాలమంతా బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న ఇండోర్ జిమ్‌లో ఎగరేస్తాను, ఎండలు వచ్చాక బయట గడ్డి మైదానంలో. ఇక్కడికి గంట దూరంలో ఉన్న మన్సీలో అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ అనే మోడల్ విమానాల సంఘం ప్రధాన కార్యాలయం, మ్యూజియం ఉన్నాయి కాబట్టి ఈ హాబీ ఉన్నవాళ్లు ఈ చుట్టుపక్కల బాగానే దొరుకుతారు. సందేహం వస్తే అడగడానికి మనుషులుండటం చిన్న విషయం కాదు.

ముందు ఫోమ్ సంగతి. ఈపీపీ అంటే కార్ల బంపర్ల లోపల పెట్టే మెత్తటి ఫోమే. గోడకి కొట్టుకుంటే నలిగి మళ్లీ దాదాపు యథాస్థితికి వస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు థర్మాకోల్‌ని తినేస్తుందని మనందరికీ తెలుసు. ఈపీపీని మాత్రం ఏమీ చేయదు. అందుకే మైదానంలోనే రెండు నిమిషాల్లో అతికించుకుని మళ్లీ ఎగరేయొచ్చు. డెప్రాన్ అనే ఇంకో ఫోమ్ ఉంది. అది గట్టిగా, పలకలా తిన్నగా ఉంటుంది, ఇంకా తేలిక కూడా. ఎఫ్3పి అనే అంతర్జాతీయ ఇండోర్ పోటీల్లో పలచటి డెప్రాన్‌తో చేసిన విమానాలు వాడతారు, అవి 100 గ్రాముల లోపు బరువుంటాయి. అవి ఎగురుతుంటే చూడటం ఎంతో అందంగా ఉంటుంది. కానీ ఒక్కసారి గోడకి తగిలితే ముక్కలవుతాయి. నేర్చుకునే దశలో గోడకి తగలకుండా ఉండదు కాబట్టి నా ఓటు ఈపీపీకే.

ఈపీపీకి ఉన్న అసలు లోపం దాని మెత్తదనం. కార్బన్ ఫైబర్ కడ్డీలు లేకపోతే అది విమానమే కాదు, వంగిపోయే పరుపు ముక్క. విమానానికి బలం, ఆకారం, తిన్నదనం అన్నీ ఆ సన్నటి కడ్డీల వల్లే వస్తాయి. కట్టేటప్పుడు నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

పలకలు పెట్టెలోంచి తీయగానే బల్ల మీద పరిచి చూడండి. ప్యాకింగ్‌లో వంగి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, బరువు పెట్టి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు సర్దుకుంటాయి. బల్ల ఎంత చదునుగా ఉందో కూడా చూసుకోవాలి. నేను మందపాటి గాజు పలక మీదే కడతాను. ముందు రెక్కలో చదునైన కార్బన్ పట్టీ అతికించి, అది శరీరం పొడవుకి సరిగ్గా లంబంగా ఉందో లేదో ముక్కు నుంచి రెండు రెక్కల కొసలకీ దారంతో కొలుస్తాను. రెండు కొలతలూ సమానంగా రావాలి. తర్వాత నిలువు పలకలు. వీటికి మూలమట్టం ఆనించి పెట్టుకోవాలి, కంటిచూపుని నమ్మొద్దు. చివర్లో రెక్కల కింద నుంచి శరీరానికీ, తోక పొడవునా త్రికోణాల్లా వేసే 1 మిల్లీమీటరు కడ్డీలు. ఇవి అతికించేటప్పుడు విమానం వెనక నిలబడి, తోక పలక రెక్కకి సమాంతరంగా ఉందో లేదో చూస్తూ ఒక్కో చుక్క జిగురు వేయాలి. ఒకసారి కడ్డీ పట్టుకుందంటే తోక మెలిక అలాగే ఉండిపోతుంది. మెలిక ఉన్న తోక ప్రతి లూప్‌లోనూ, ప్రతి నిట్టనిలువు ఎక్కుడులోనూ విమానాన్ని పక్కకి తిప్పుతూనే ఉంటుంది. దాన్ని రిమోట్‌లో ట్రిమ్‌తో (స్టిక్ మధ్య స్థానాన్ని కొద్దిగా జరిపే సర్దుబాటు) సరిచేయలేం. ఒక వేగం దగ్గర సరిపోయిన ట్రిమ్ ఇంకో వేగం దగ్గర తప్పుతుంది.

బరువు గురించి అందరూ గ్రాము గ్రాము లెక్కపెడతారు. నేనూ పెడతాను. మోటార్ 22, స్పీడ్ కంట్రోలర్ 10, మూడు సర్వోలు (రెక్క, తోక భాగాల్ని కదిపే చిన్న మోటార్లు) కలిపి 20, రిసీవర్ 4, 2ఎస్ (రెండు సెల్స్ ఉన్న) 450 ఎంఏహెచ్ బ్యాటరీ 28, ప్రొపెల్లర్ దాని బిగింపుతో 8. మిగతాది ఫోమ్, కార్బన్, జిగురు. మొత్తం కట్టినప్పుడు 196 గ్రాములు వచ్చింది. రెక్క వైశాల్యంతో భాగిస్తే చదరపు డెసిమీటరుకి సుమారు 10 గ్రాములు. మనిషి నడిచే వేగంతో కూడా గాల్లో నిలబడటానికి కారణం ఇదే. కానీ జిగురులో 5 గ్రాములు మిగిలించడం కోసం ఆ త్రికోణాల బ్రేసింగ్ కడ్డీలు తగ్గించేవాళ్లని చూశాను. 190 గ్రాముల మెలిక విమానం కంటే 205 గ్రాముల తిన్నని విమానం చాలా బాగా ఎగురుతుంది. ఈ విషయంలో నాకు ఏమాత్రం సందేహం లేదు.

సర్వోల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. కిట్ కంటే లోపలి ఎలక్ట్రానిక్స్‌కే ఎక్కువ ఖర్చవుతుంది, అందులోనూ సర్వోలకే. చవగ్గా దొరికే ప్లాస్టిక్ గేర్ల సర్వోలు ముందు వాడాను. ముక్కు నేలకి తగిలినప్పుడల్లా ఏదో ఒక పన్ను విరిగేది, పైగా స్టిక్ మధ్యకి తెచ్చినా ప్రతిసారీ ఒకే చోటికి వచ్చేవి కావు. మెటల్ గేర్ డిజిటల్ సర్వోలు పెట్టాక అదే విమానం వేరే విమానంలా మారింది. హోవర్‌లో (ముక్కు పైకి పెట్టి ఒకే చోట నిలబెట్టడం) చిన్న చిన్న దిద్దుబాట్లు అప్పుడు గానీ కుదరలేదు.

సెటప్ మొదలుపెట్టే ముందు ప్రొపెల్లర్ తీసి పక్కన పెట్టండి. 8 అంగుళాల ప్రొపెల్లర్ వేళ్లని బాగా కోస్తుంది. సర్వోకి కరెంటిచ్చి మధ్యకి వచ్చాక, సర్వో చేతిని (ఆర్మ్) పుష్‌రాడ్‌కి (సర్వో కదలికని తోకకి చేరవేసే కడ్డీ) 90 డిగ్రీలు వచ్చే పన్ను మీద బిగించాలి. తర్వాత ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక భాగం), రడ్డర్ (పక్కలకి తిప్పేది) తటస్థంగా ఉండేలా పుష్‌రాడ్ పొడవు సరిచేయాలి. సబ్‌ట్రిమ్ (రిమోట్‌లో సర్వో మధ్య స్థానాన్ని సరిచేయడం) చివర్లో, కొద్దిగా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, దాంతో పైకీ కిందకీ కదలిక సమానంగా రాదు. సన్నటి కార్బన్ పుష్‌రాడ్ కదలకుండా ప్రతి 8, 10 సెంటీమీటర్లకి ఒక గైడ్ ఉండాలి. లేకపోతే తోసేటప్పుడు అది విల్లులా వంగి, అడిగిన కదలికలో సగమే వస్తుంది.

ఎలివేటర్, రడ్డర్‌లకి హై రేట్‌లో (రిమోట్ స్విచ్‌తో ఎంచుకునే ఎక్కువ కదలిక) 45 నుంచి 50 డిగ్రీల కదలిక, 60 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర స్పందనని మెత్తబరిచేది) పెట్టుకుంటాను. లో రేట్‌లో 20 డిగ్రీలు, 30 శాతం. లో రేట్‌లో హాయిగా, గీత గీసినట్టు ఎగరేయొచ్చు. అంత ఎక్కువ కదలికతో అలవాటు లేనివాళ్లు రియల్‌ఫ్లైట్ లాంటి సిమ్యులేటర్ మీద కొన్ని వారాలు గడిపి వస్తే టెన్షన్ చాలా తగ్గుతుంది.

గాల్లోకి వెళ్లాక ముందు చూడాల్సింది సెంటర్ ఆఫ్ గ్రావిటీ (సీజీ), అంటే విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు. 45 డిగ్రీల వాలులో పైకి తీసుకెళ్లి బోర్లా తిప్పి, స్టిక్ వదిలి చూడండి. ముక్కు త్వరగా నేలవైపు వాలితే ముందు బరువెక్కువ. ఆకాశం వైపు లేస్తే వెనక బరువెక్కువ. బ్యాటరీని వెల్‌క్రో మీద అటూ ఇటూ కొద్దిగా జరుపుతూ, దాదాపు తిన్నగా సాగి నెమ్మదిగా వాలేచోట పెన్నుతో గీత పెట్టుకోండి. ఇది కుదిరాకే మోటార్ కోణం చూడాలి. ఫుల్ థ్రాటిల్‌లో నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు ఎడమకి లాగుతుంటే మోటార్‌ని ఒక్క డిగ్రీ కుడికి తిప్పండి. మోటార్ మౌంట్ స్క్రూ కింద సన్నటి వాషర్ చాలు. థ్రాటిల్ పెంచగానే ముక్కు లేస్తుంటే కిందకి కొద్దిగా. చివర్న నైఫ్ ఎడ్జ్. రడ్డర్ మీద పక్కవాటంగా వెళ్తున్నప్పుడు చక్రాల వైపు గానీ కానపీ (పైలట్ గది పైకప్పు) వైపు గానీ వంగుతుంటే, రడ్డర్ కదిలినప్పుడు ఎలివేటర్ కూడా కొద్దిగా కదిలేలా రిమోట్‌లో కొద్ది శాతం మిక్స్ వేసుకోవచ్చు. మొదటి రెండూ సరిగ్గా ఉంటే ఈ మిక్స్ అవసరం చాలా తగ్గుతుంది.

ఇప్పుడు గైరో (విమానం ఊగితే తనంతట తానే సరిదిద్దే సెన్సర్) ఉన్న రిసీవర్లు దొరుకుతున్నాయి. బయట గాలిలో వాటి సాయం నిజంగా పనికొస్తుంది, కాదనను. కానీ కొత్త విమానాన్ని గైరో ఆపేసి ట్రిమ్ చేయమనే నా సలహా. గైరో వేస్తే తోక మెలికా, తప్పు సీజీ కనబడకుండా పోతాయి, హోవర్‌కి వచ్చినప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి.

ఎగరేయడం గురించి ఎంత చెప్పినా తక్కువే. సగం థ్రాటిల్‌కి కాస్త అటూ ఇటూగా హోవర్ వస్తుంది. హారియర్‌లో ముక్కు పైకెత్తి నడుస్తున్నంత నెమ్మదిగా తెచ్చుకోవచ్చు. జిమ్‌లో పైన ఏసీ, హీటర్ గాలి వచ్చే చోట్లు ముందే చూసుకోండి. ఆ గాలి తగలగానే ఇంత తేలిక విమానం మీటరు దూరం పక్కకి జరిగిపోతుంది. బయటైతే ఆకులు కదిలేంత గాలి వరకు 2ఎస్ బ్యాటరీ చాలు. గాలి ఎక్కువైతే 3ఎస్ వేస్తాను. లాగుడు పెరుగుతుంది గానీ బరువూ పెరుగుతుంది, మోటార్ కూడా వేడెక్కుతుంది. చలిలో లిపో బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, ఎగరేసేదాకా కోటు జేబులో పెట్టుకోండి. ఒక చార్జ్‌కి ఐదారు నిమిషాలు ఎగురుతుంది.

ఇన్నేళ్లలో అరిగినవి ఏవంటే, ముందుగా హింజ్‌లు. ఫోమ్‌నే వాలుగా కోసి చేసిన మడతలు కదా, కొసల దగ్గర చీలతాయి. సన్నటి పారదర్శక టేప్ రెండువైపులా అంటిస్తే సరిపోతుంది. ముక్కు దగ్గర ఫోమ్ నలిగి నలిగి మెత్తబడి, మోటార్ మౌంట్ వదులవుతుంది. దాన్ని పట్టించుకోకపోతే మోటార్ కోణమే మారిపోతుంది, మనం సీజీ మారిందేమో అనుకుంటూ కూర్చుంటాం. అందుకే కొన్నాళ్లకోసారి మౌంట్‌ని చేత్తో కదిపి చూడాలి. కార్బన్ కడ్డీలు చిట్లితే వెంటనే మార్చండి, వాటి ముళ్లు వేళ్లలో దిగితే తీయడం కష్టం. ఎండకి రంగులు వెలిశాయి. రిపేర్ల జిగురుతో ఇప్పుడు బరువు 211కి చేరింది. అయినా ఇంకా బాగా ఎగురుతోంది, కాబట్టి కొత్తది కట్టే తొందరేమీ లేదు.

తేలికదనంతో ఇంకో లాభం కూడా ఉంది. అమెరికాలో సరదాకి ఎగరేసే విమానం 250 గ్రాముల లోపుంటే ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్టర్ చేయక్కర్లేదు. ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష మాత్రం బరువుతో పని లేకుండా అందరూ రాయాలి. ఇండియాలో డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల వరకు నానో తరగతి. దానికి రిమోట్ పైలట్ లైసెన్స్ అవసరం లేదు. అయినా విమానాశ్రయాల చుట్టూ రెడ్, ఎల్లో జోన్లు ఉంటాయి, ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ సైట్ మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

కొనేటప్పుడు కిట్‌తో పాటే నాలుగైదు ప్రొపెల్లర్లు, ఒక జత 1 మిల్లీమీటరు కార్బన్ కడ్డీలు, ఒక సర్వో అదనంగా తెప్పించుకోండి. మోటార్‌కి రబ్బరు రింగుతో పట్టే ప్రాప్ సేవర్ తీసుకుంటే నేలకి తగిలినప్పుడు రింగు ఊడుతుంది గానీ షాఫ్ట్ వంగదు. ఆ రింగులు కూడా ఎండకి, చలికి చిట్లిపోతాయి కాబట్టి గుప్పెడు దగ్గర ఉంచుకోండి.