లూయిస్ దీవి: రాళ్లకు ఒక పూట, పీట్ నేలకు మిగతా టైమంతా

స్కాట్లాండ్ వాయవ్యాన ఉన్న లూయిస్‌కి చాలామంది కలనిష్ నిలువురాళ్ల కోసం వెళ్తారు. రాళ్లు బాగుంటాయి. కానీ వాటికి ఒక పూట చాలు. నిలబెట్టి సుమారు 5000 ఏళ్లయిన ఆ రాళ్ల మొదళ్లు 1857 దాకా దాదాపు ఒకటిన్నర మీటర్ల పీట్‌లో, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి నేలలో, కూరుకుపోయి ఉన్నాయి. అప్పటి భూస్వామి జేమ్స్ మాథెసన్ తవ్విస్తేనే పూర్తి ఎత్తు బయటపడింది. రాళ్లు పాతినప్పుడు లేని నేల ఆ తర్వాత వాటి చుట్టూ పెరిగిందన్నమాట. నాకు అసలు వింత అదే అనిపించింది.

అది ఎలా పెరిగిందో తెలియాలంటే దీవిలోని ప్రధాన పట్టణం స్టోర్నోవే నుంచి పడమటి తీరానికి వెళ్లే పెంట్‌లాండ్ రోడ్డు ఎక్కాలి. కింద నీరు ఇంకని, నైస్ (gneiss) అనే పాతకాలపు గట్టి రాయి, పైన అట్లాంటిక్ నుంచి ఆగకుండా వచ్చే వాన. చలికి నీరు పెద్దగా ఆవిరి కాదు. ఎప్పుడూ తడిసే ఉండే నేలలోకి గాలి చొరబడదు కాబట్టి చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు, పొరలుగా పేరుకుంటాయి. దీనికి స్పాగ్నమ్ నాచు తోడు. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది, ఆ నీటిని పుల్లగా మార్చి కుళ్లబెట్టే సూక్ష్మజీవులను ఇంకా అణచేస్తుంది. పైన పెరుగుతూ ఉంటుంది, కింద చచ్చి పీట్ అవుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు అనుకోండి, మీటరు మందానికి వెయ్యేళ్లు. వాన అంతటా ఒకేలా పడుతుంది కాబట్టి పీట్ పల్లాల్లోనే ఆగకుండా వాలులను కూడా కప్పేసింది. కోసేటప్పుడు అడుగున పాత చెట్ల మొద్దులు దొరుకుతుంటాయి. ఇప్పుడు ఆ బయలంతా చెట్టన్నదే అరుదు. తీరానికి చేరాక గవ్వల పొడి కలిసిన ఇసుక మొదలవుతుంది. దాని సున్నానికి నేల పులుపు తగ్గి పచ్చిక వస్తుంది, ఊళ్లూ పొలాలూ ఎక్కువగా తీరం వెంబడే ఉన్నాయి.

రోడ్డు పక్కన పీట్ కోసిన గట్లు కనిపిస్తాయి. మే నెలలో కోసి, మన పిడకల్లాగే ఆరబెట్టి, ఎండాక ఇంటికి తోలుకుంటారు. అందుకే మే, జూన్‌లలో వెళ్లడం మేలు. ఆ తర్వాత మిడ్జ్ అనే నలుసంత ఈగలు కుట్టి చంపుతాయి.

బస విషయానికొస్తే, స్టోర్నోవేలో ఉంటే హోటళ్లు, దుకాణాలు, ఫెర్రీ రేవు అన్నీ దగ్గర. సౌకర్యమే గానీ ఊరి మధ్యనుంచి పీట్ నేల కనిపించదు. నేనైతే పడమటి తీరంలోని గెరానన్‌కే ఓటేస్తాను. గడ్డి కప్పుల పాత రాతి ఇళ్లను బాగుచేసి అద్దెకిస్తున్నారు. వంటగది ఉంటుంది కాబట్టి శాకాహారులకు ఇబ్బంది లేదు, బియ్యం పప్పు తీసుకెళ్తే సరి. ముందుగా బుక్ చేసుకోవాలి. దగ్గర్లోని ఆర్నోల్‌లో 42వ నంబరు బ్లాక్‌హౌస్ (ఇలాంటి పాత గడ్డి కప్పు ఇల్లే) టికెట్టుకు తగ్గ విలువ ఇస్తుంది. నేల మధ్యన పీట్ నిప్పు, పొగగొట్టం లేదు, పొగ కప్పులోంచే పోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు కాసేపే ఉండండి.

బస్సులు ఉన్నాయి, ఆదివారం మాత్రం తిరగవు. ఆ రోజు ఆర్నోల్ ఇల్లూ, చాలా దుకాణాలూ మూసే ఉంటాయి. కారు ఉంటేనే స్వేచ్ఛ. మేం తీసుకున్న చోట చిన్న కారు బుక్ చేస్తే వ్యాను లాంటిది అంటగట్టారు. ఒక్క బండి మాత్రమే పట్టే సింగిల్ ట్రాక్ రోడ్డు మీద ఎదురుబండికి దారివ్వడానికి దాన్ని రివర్స్ చేయడమంటే టెన్షనే. తాళాలు తీసుకునే ముందే బండి చూసుకోండి. బయల్లో నడిచేటప్పుడు ఆకుపచ్చగా మెత్తగా కనిపించే చోట అడుగు వేయకండి, అది చాలావరకు నీరే. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని ఉల్లాపూల్‌కు వెళ్లే ఫెర్రీ గాలివాన వస్తే రద్దవుతుంది, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి.