ఆగిపోయిన మోడల్ బండి తగ్గింపు ధరకు వస్తోందా? హన్మకొండ నుంచి లక్నవరం దాకా తోలి చూసి కొనండి

కంపెనీ తయారీ ఆపేసిన బండి షోరూము మూలన మిగిలిపోతే ధర తగ్గుతుంది. చిక్కేంటంటే, ఆ మోడల్ డెమో బండి అప్పటికే అమ్ముడైపోయి ఉంటుంది. మిగిలిన ఒక్క కొత్త బండికి నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు కాబట్టి రోడ్డెక్కనివ్వరు. వాళ్లను తప్పుపట్టలేం. కాబట్టి పని రెండుగా విడగొట్టుకోవాలి. మోడల్ మనకు సరిపోతుందా అన్నది అదే రకం ఇంకో బండిని ఒక రోజంతా తోలి తేల్చుకోవాలి. నిలబడి ఉన్న బండి ఆరోగ్యం షోరూములోనే చూసుకోవాలి.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 411. 2025 జనవరిలో స్క్రామ్ 440 రావడంతో ఇది పక్కకు జరిగింది. 24.3 హెచ్‌పీ పవర్, 32 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ఐదు గేర్లు, 185 కిలోల బరువు, సీటు ఎత్తు 795 మి.మీ. ఇంజను పాత హిమాలయన్ 411దే కాబట్టి ఇంజను సామాన్ల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. స్క్రామ్‌కు మాత్రమే వచ్చే ట్యాంకు ప్యానెళ్లు, హెడ్‌లైటు కేసింగు లాంటివి దొరుకుతాయా, ఎన్నాళ్లకు వస్తాయి అన్నది షోరూములో కాదు, సర్వీసు సెంటర్ స్పేర్ల కౌంటర్‌లో అడగండి. జవాబు అక్కడ సూటిగా వస్తుంది.

తోలి చూసే బండి కోసం హైదరాబాద్‌లో అద్దెకు అడగడం ఒక దారి. అక్కడి నుంచి హన్మకొండ 145 కిలోమీటర్ల లోపే కాబట్టి రాకలోనే సగం పరీక్ష అయిపోతుంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది లైసెన్సున్న అద్దె బండి. తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అద్దె బండిని పది మంది పది రకాలుగా తోలి ఉంటారు. క్లచ్ జారడం, చైను మోత, హ్యాండిల్ మధ్యలో పట్టేసినట్టుండే కోన్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగు) అన్నవి ఆ బండి అరుగుదలే గాని మోడల్ లోపం కాదు. సీటు, వేడి, వైబ్రేషన్, పికప్, ఈ నాలుగింటికే మార్కులు వేయండి. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్ ఉంటే ఇంకా మేలు. ఇన్సూరెన్సు తేదీ చూసుకుని, పెట్రోలు మనమే పోయించుకుని తీసుకెళ్లాలి.

మొదటి పరీక్ష సాయంత్రం ఆరు దాటాక హన్మకొండ చౌరస్తాలో. గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజను ఇది, ఫ్యాన్ ఉండదు. ఇరవై నిమిషాలు ఆగుతూ సాగుతూ పోతే కాళ్లకు వేడి తగిలేది, క్లచ్ లాగే వేలు నొప్పి పుట్టేది అప్పుడే తెలుస్తుంది. అక్కడి నుంచి ఫాతిమానగర్ బ్రిడ్జి మీద వెనక మనిషిని కూర్చోబెట్టుకుని మూడో గేరులో ఎక్కించండి. గేరు దించకుండా లాగితే ఊళ్లో తోలడానికి బాధ లేదు.

మర్నాడు పొద్దున్నే 163 నంబరు జాతీయ రహదారి. ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు. ఈ యాభై కిలోమీటర్లలో 80 మీద నిలకడగా ఒక పది నిమిషాలు, 100 మీద కాసేపు తోలండి. 100 దాటాక ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్‌లో వణుకు మొదలవడం ఈ ఇంజను స్వభావం. నెలకోసారి హైదరాబాద్ పోయొచ్చేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ములుగులోనే ట్యాంకు నింపుకోండి, అవతల బంకులు తక్కువ.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర తిరిగితే పాలంపేట, రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి కాబట్టి సెలవు రోజుల్లో జనం ఎక్కువ. మనకు కావాల్సింది మాత్రం ఆ ఊళ్ల రోడ్డు. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక కూర్చున్నవాళ్ల నడుము ఏమంటుందో అడగండి, సీటు గురించి వాళ్ల మాటే ఫైనల్. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీద చక్రం ఎక్కించి బ్రేకు కొట్టొద్దు, ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్నా జారుతుంది.

తిరిగి హైవే ఎక్కి చల్వాయి దగ్గర మలుపు తీసుకుంటే లక్నవరం చెరువు. టూరిజం వాళ్ల కాటేజీలు నీటి మధ్యలో ఉన్నాయి, చేరాలంటే వేలాడే వంతెన మీద నడవాలి. బండి ఒడ్డునే ఉంటుంది, సామాను మనం మోయాలి. చూడ్డానికి గొప్ప బస, బండి పరీక్షకు వచ్చినవాళ్లకు అంత వీలు కాదు. శనాదివారాలు గది దొరకడమూ కష్టమే. హన్మకొండ నక్కలగుట్టలోని హరిత కాకతీయ హోటల్ ఈ పనికి మేలు, షోరూములు, సర్వీసు సెంటర్లు అన్నీ ఊళ్లోనే ఉంటాయి. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు.

మోడల్ నచ్చితే ఇక షోరూము బండి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. సెంటర్ స్టాండు వేయకుండా నెలల తరబడి నిలబెడితే టైరు ఒకచోట చదునవుతుంది. కొన్నాక 30 స్పీడులో దడదడమంటుంది. మల్టీమీటరు తీసుకెళ్లి బ్యాటరీ చూడండి. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే మంచిది, 12.2 అంటే సగం ఖాళీ. స్టార్టు చేశాక 14 దగ్గరకు రావాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 10 కిందికి పడిపోతే కొత్త బ్యాటరీ అడగాల్సిందే. ట్యాంకులోకి టార్చి వేయండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది, అడుగున గోధుమ రంగు కనబడితే తుప్పు మొదలైనట్టే. ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు రాడ్లను గుడ్డతో తుడిచి తుప్పు చుక్కలున్నాయేమో చూడండి, ఆ చుక్కలే తర్వాత ఆయిల్ సీళ్లను కోస్తాయి. సీటు తీసి వైర్లు చూడండి, గోదాములో ఎలుకలకు అవే మేత.

ఇక లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 18 శాతం, ఆ పైవాటికి 40. బండి పాత స్టాకైనా బిల్లు ఇప్పుడు కొడితే కొత్త రేటే. పన్ను లేని ధర లక్ష అనుకుంటే ఒకటి 1,18,000, ఇంకోటి 1,40,000. అంటే ఈ 411కు పన్నుతో కలిపిన 1,40,000లో ఇరవై వేలు తగ్గించినా, పన్ను తేడా ఇరవై రెండు వేలు పూడదు. 350 సీసీతో సరిపెట్టుకోగలిగినవాళ్లకు ఈ తగ్గింపు లాభం కాదు. పైగా అమ్మేటప్పుడు ఆగిపోయిన మోడల్ అని బేరమాడతారు. తరచూ గతుకుల రోడ్లు, అడవి దారులు పోయేవాళ్లకే దీని సస్పెన్షన్ విలువ తెలుస్తుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు రాసుకోండి, బండి అందుకునేటప్పుడు డీలరిచ్చే ఫారం 21 (అమ్మకపు పత్రం)లో ఆ నంబరు, తయారీ నెల, సంవత్సరం సరిచూసుకోండి. డీలరు తన పేరు మీద ముందే రిజిస్టర్ చేయించి ఉంటే మనం రెండో ఓనరవుతాం. అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ, వారంటీ కూడా ఆ తేదీ నుంచే నడుస్తుంటాయి. అలాంటి బండి ధరను సెకండ్ హ్యాండ్ బండ్లతో పోల్చి మాట్లాడండి. బ్యాటరీ, టైర్లు మార్చిస్తామన్న మాట, వారంటీ మొదలయ్యే తేదీ రెండూ బుకింగు రసీదు మీదే రాయించి, స్టాంపు వేయించుకోండి.