షియరర్ దారా, షెరింగ్‌హామ్ దారా: ఏది మేలు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ అలన్ షియరర్ పేరెత్తగానే "గోల్స్ సరే, కప్పులేవి?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1996 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ రమ్మని పిలిచినా కాదనుకుని, అప్పటికి ప్రపంచ రికార్డయిన 1.5 కోట్ల పౌండ్ల ధరకు సొంతూరి జట్టు న్యూకాజిల్‌లో చేరాడు, పదేళ్లు ఆడాడు, పెద్ద కప్పు ఒక్కటీ దక్కలేదు. మరుసటి ఏడాదే మరో ఇంగ్లండ్ స్ట్రైకర్ టెడ్డీ షెరింగ్‌హామ్ 31 ఏళ్ల వయసులో టోటెన్‌హామ్ వదిలి అదే యునైటెడ్‌కు వెళ్లి, నాలుగేళ్లలో మూడు లీగ్ టైటిళ్లు, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. యూరో 96లో ఇంగ్లండ్ నెదర్లాండ్స్‌ను 4-1తో చిత్తు చేసిన రోజు చెరో రెండు గోల్స్ కొట్టిన జోడీ ఇది.

పతకాలే లెక్కయితే పోటీ అప్పుడే ముగిసినట్టు. పైగా 1999 మే 22న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్ ఈ ఇద్దరి జట్ల మధ్యే జరిగింది. యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ గాయపడి బయటికెళ్తే, షెరింగ్‌హామ్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి రెండు నిమిషాలైనా కాకముందే గోల్ కొట్టాడు, యునైటెడ్ 2-0తో గెలిచింది. నాలుగు రోజులకు బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో జర్మన్ జట్టు బాయర్న్ 1-0 ఆధిక్యంలో ఉండగా, 90 నిమిషాలు దాటాక మళ్లీ అతనే స్కోరు సమం చేశాడు, ఆ వెంటనే బెక్‌హామ్ కొట్టిన కార్నర్‌ను షెరింగ్‌హామ్ తలతో మళ్లిస్తే సోల్‌షార్ కాలు పెట్టి కప్పు గెలిపించాడు. కానీ గమనించండి, ఆ రెండు ఫైనల్స్ మొదలైనప్పుడూ షెరింగ్‌హామ్ బెంచ్ మీదే ఉన్నాడు. అతను లేకున్నా ఆడగలిగిన జట్టది.

షియరర్ సంగతి వేరు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఇతను రచ్చ గెలిచాకే ఇంటికొచ్చాడు: 1994-95లో 34 గోల్స్ కొట్టి అప్పటి తన జట్టు బ్లాక్‌బర్న్‌కు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు, కాబట్టి పతకం లేనివాడేం కాదు. న్యూకాజిల్‌లో దాడి మొత్తం అతని చుట్టూనే తిరిగింది. గోల్ పడగానే కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి పరుగెత్తేవాడు, అంతే, గంతులూ డ్యాన్సులూ లేవు. న్యూకాజిల్ తరఫున జాకీ మిల్బర్న్ పేరిట ఉన్న 200 గోల్స్ రికార్డును షియరర్ దాటి 206 దగ్గర ఆగాడు. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అతని గోల్స్ మొత్తం 260. 213తో రెండో స్థానంలో ఉన్న హ్యారీ కేన్ కూడా చాలా దూరంలోనే ఆగిపోయాడు.

నష్టం లేదని అనను. 1998, 1999 ఎఫ్ఏ కప్ ఫైనల్స్ రెండూ ఓడిపోవడం మామూలు బాధ కాదు. 1997 వేసవిలో గుడిసన్ పార్క్ మైదానంలో చీలమండ దెబ్బతిన్నాక మునుపటి వేగం తిరిగి రాలేదు, ఆట మార్చుకున్నాడు, డిఫెండర్‌ను వీపుతో అడ్డుకుని బంతి నిలపడం, హెడ్డర్లు, పెనాల్టీలు. ఆ దశలో యునైటెడ్‌లో ఉండి ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు మోసేవాళ్లేమో, కప్పులూ వచ్చేవేమో. అయినా 2006లో మోకాలి గాయం ఆపేదాకా ఆ ఊరిని అతనే మోశాడు.

అందుకే జట్టుకు నంబర్ వన్ అనదగ్గ స్ట్రైకర్‌కు షియరర్ దారే మేలని నా గట్టి అభిప్రాయం. షెరింగ్‌హామ్‌కు మాత్రం యునైటెడే సరైన చోటు: 31 ఏళ్లొచ్చినా పెద్ద కప్పు లేదు, కాళ్ల వేగం కన్నా బుర్రతో ఆడేవాడు, 2001లో ఆటగాళ్లు ఇచ్చేదీ, జర్నలిస్టులు ఇచ్చేదీ, ఏటి మేటి ఆటగాడి అవార్డులు రెండూ 35 ఏళ్ల వయసులో అక్కడే అందుకున్నాడు.