రిబేటా, జీఎస్టీ తగ్గింపా, ఖాతాలో డబ్బా: మందగమనంలో మనకు ఏది మేలు?

2020లో లాక్‌డౌన్ రోజుల్లో అనంతపురంలో చాలా ఇళ్లలో ఒకే మాట: "అమెరికాలో మావాడికి గవర్నమెంటే 1,200 డాలర్లు వేసిందంట. మనమూ ట్యాక్స్ కడుతున్నాం కదా, మనకేదప్పా?" 2025లో అదే ప్రశ్న కొంచెం మారి మళ్లీ వచ్చింది. బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్నారు. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గించారు. అక్టోబర్‌లో ప్రధాని కర్నూలుకే వచ్చి ఆ తగ్గింపు మీద సభ పెట్టారు. "ఇంత చేశామంటున్నారు, మా ఇంటికి చేరిందెంత?" అని జనం అడగడంలో తప్పేముంది?

వ్యాపారాలు మందగించినప్పుడు జనం చేతిలో నాలుగు రూపాయలు ఆడేలా చేయడానికి ప్రభుత్వాలు ఎక్కువగా ఈ మూడు దారులే పడతాయి: ఖాతాలో నేరుగా వేయడం, ఆదాయపు పన్ను తగ్గించడం, వస్తువు మీద పన్ను తగ్గించడం. ఎంత ఇచ్చారన్నదే పేపర్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఎవరికి ఇచ్చారన్నది లోపలి పేజీలో ఎక్కడో ఉంటుంది. నేను ముందు చదివేది ఆ లోపలి పేజీనే.

అమెరికా సంగతే తీసుకుందాం. 2001లో వాళ్లు ఒంటరి వ్యక్తికి 300, దంపతులకు 600 డాలర్ల వరకు చెక్కులు పంపారు. కానీ అంతకు ముందు ఏడాది పన్ను పడని వాళ్లకు చెక్కు లేదు. అంటే అడుగున ఉన్నవాడికి సున్నా. 2008లో ఆ తలుపు కొంచెం తెరిచారు. పన్ను కట్టకపోయినా సంపాదన, సోషల్ సెక్యూరిటీ పెన్షన్ లాంటివి కలిపి ఏడాదికి 3,000 డాలర్లు చూపిస్తే కనీసం 300 డాలర్లు ఇచ్చారు. గరిష్ఠం 600, దంపతులకు 1,200, ఒక్కో బిడ్డకు ఇంకో 300. 2020కి వచ్చేసరికి కనీస ఆదాయం షరతే ఎత్తేశారు. 1,200 డాలర్లు, దంపతులకు 2,400, 17 ఏళ్లలోపు బిడ్డకు 500.

పైవైపు మాత్రం గేటు ఉంది. ఒంటరి వ్యక్తి ఆదాయం 75,000 డాలర్లు దాటితే దాటిన ప్రతి 100కి 5 డాలర్లు తగ్గుతూ, 99,000 దగ్గర మొత్తం పోతుంది. కాబట్టి మన పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయికి నిజంగా పూర్తి 1,200 వచ్చిందా అన్నది అతని జీతం తెలిస్తే గానీ చెప్పలేం! చదువుకోవడానికి వెళ్లి నాన్ రెసిడెంట్‌గా రిటర్న్ వేసే విద్యార్థులకు అర్హతే లేదు. తెలుగు కుటుంబాలను బాగా దెబ్బకొట్టింది ఇంకొకటి ఉంది. భర్త హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద, భార్య హెచ్4 (అతని భార్యగా వచ్చే వీసా) మీద ఉండి, ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనందువల్ల, పన్ను రిటర్న్ కోసమే ఇచ్చే నంబర్ అయిన ఐటిన్‌తో ఇద్దరూ కలిపి రిటర్న్ వేసి ఉంటే, 2020 మార్చి చట్టం కింద ఇంటి మొత్తానికీ సున్నా. అక్కడే పుట్టిన పిల్లలకు నంబర్ ఉన్నా లాభం లేకపోయింది. డిసెంబర్‌లో ఇంకో చట్టం తెచ్చి దాన్ని సరిచేశారు, నంబర్ ఉన్నవాళ్ల వాటా తర్వాత రిటర్న్‌లో తీసుకోనిచ్చారు.

ఇప్పుడు మన రిబేటు. ఆదాయపు పన్ను చట్టం 1961లోని 87ఏ సెక్షన్ కింద, కొత్త పన్ను విధానంలో (మినహాయింపులు తక్కువ, రేట్లు తక్కువ ఉన్నది), 2025-26 ఆర్థిక సంవత్సరానికి పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60,000 వరకు పన్ను మాఫీ. ఉద్యోగులకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. పేరు రిబేటే అయినా చేతికి వచ్చే డబ్బు ఏదీ లేదు. పడిన పన్నును కొట్టేస్తారు, అంతే. పన్నే పడని వాడికి కొట్టేయడానికేం ఉంటుంది? ఆ లెక్కన మన 2025 రిబేటు, అమెరికా 2001 చెక్కు ఒక తల్లి బిడ్డలు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నెలకు 60,000 జీతం తీసుకునే టీచరు ఒకాయన, "సార్, 12 లక్షల దాకా లేదంటిరి కదా, నాకేం మిగిలింది?" అని అడిగారు. ఏడాదికి 7.2 లక్షలు. ఆయన కొత్త విధానంలోనే ఉన్నారు, అందులో అంతకు ముందు ఏడాదే 7.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. కాబట్టి 2025 బడ్జెట్ వల్ల ఆయనకు కొత్తగా మిగిలింది సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ పోను 8 లక్షలు ఉన్నవాళ్లకు 30,000 మిగిలింది, 12 లక్షలు ఉన్నవాళ్లకు 80,000 మిగిలింది, సెస్సు (పన్ను మీద వేసే పన్ను) కాక. 24 లక్షలు ఉన్నవాళ్లకు? రిబేటు లేకపోయినా శ్లాబులు మారినందువల్ల 1,10,000. ఎక్కువ ఉన్నవాడికే ఎక్కువ. పన్ను కట్టేవాళ్లకు ఇచ్చే ఊరట అలాగే ఉంటుంది, అందులో మోసమేమీ లేదు. కానీ దాన్ని మందగమనానికి మందు అంటే నేను ఒప్పుకోను.

డబ్బు ఏ రూపంలో వచ్చిందన్నది కూడా చిన్న విషయం కాదు. జీతం నుంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) తక్కువ కోసి నెలకు ఇంతని వదిలితే అది ఈఎంఐలో, చీటీలో కలిసిపోతుంది. అమెరికాలో 2008లో ఒకేసారి డబ్బు పంపారు, 2009లో జీతంలోంచి కోసే పన్ను తగ్గించారు. ఆ రెండింటినీ మిషిగన్ యూనివర్సిటీ సర్వేలతో పోల్చి చూశారు. 2008 డబ్బు వల్ల ప్రధానంగా ఖర్చు పెంచామన్న కుటుంబాలు 25 శాతం, 2009 తగ్గింపు వల్ల పెంచామన్నవి 13 శాతమే. అంగడి నడవాలంటే ఒకేసారి చేతికొచ్చే డబ్బే మేలన్నమాట.

జీఎస్టీ తగ్గింపుకు పాన్ అక్కర్లేదు, రిటర్న్ అక్కర్లేదు, రేషన్ కార్డూ అక్కర్లేదు. కొనేవాడే అర్హుడు. అర్హత విషయంలో ఇంతకంటే ఉదారమైనది లేదు. డ్రిప్, స్ప్రింక్లర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5కి దిగింది. అనంతపురం లాంటి కరువు జిల్లాలో అది మంచి కబురే, ముఖ్యంగా సబ్సిడీ లేకుండా సొంతంగా కొనుక్కునే రైతుకు. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. పన్ను కాక 250 రూపాయల బస్తా అనుకుంటే 25 రూపాయలు తగ్గాలి, 500 బస్తాలకు 12,500. కంపెనీ అసలు ధర పెంచకుండా ఉంటేనే సుమా. 350 సీసీ లోపు బైకులదీ అదే కథ. సబ్బు, తలనూనె, టూత్‌పేస్ట్ 18 నుంచి 5కి వచ్చాయి.

మరి కూలికి పోయే ఇంట్లో ఖర్చు దేని మీద? రేషన్ బియ్యం, విడిగా కొనే జొన్నలు, కూరగాయలు, పాలు. వాటి మీద అంతకు ముందూ జీఎస్టీ లేదు. బైకు కొనలేనివాడికి, ఇల్లు కట్టలేనివాడికి సబ్బుల బిల్లులో మిగిలేదెంత? ధర్మవరం పట్టు చీర మీద కూడా ముందూ 5 శాతమే, తర్వాతా 5 శాతమే.

ఇక ఖాతాలో డబ్బు. 2020లో కేంద్రం మూడు నెలల పాటు నెలకు 500 రూపాయలు వేసింది, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మాత్రమే. పక్కింటామెకు అదే బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే ఆమెకు రాలేదు, ఇద్దరి పేదరికం ఒకటే అయినా. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఇస్తుంది, భూమి పేరు మీద ఉండాలి. గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్లకు, నాలుగో తరగతి వాళ్లు కాని ప్రభుత్వ ఉద్యోగులకు, ఎన్నారైలకు లేదు. నియమంలో ఉన్న మాట 'కట్టినవాళ్లు' అని. బ్యాంకు లోను కోసం పన్ను పడని రిటర్న్ వేసిన రైతు టెన్షన్ పడక్కర్లేదు. కౌలుకు శనగకాయ వేసేవాడికి మాత్రం భూమి పాస్‌బుక్ లేదు కాబట్టి పీఎం కిసాన్ లేదు. వాన పోయినా, ధర పోయినా నష్టం అతనిదే.

ఇన్ని లోపాలున్నా, మందగమనంలో ఏది మేలంటే నేను ఖాతాలో డబ్బుకే ఓటేస్తాను, భూమి, ఖాతా రకం లాంటి షరతులు లేకుండా రేషన్ కార్డును బట్టి ఇస్తే. కూలి ఇంటికి వచ్చిన వెయ్యి రూపాయలు వారం తిరక్కుండా కిరాణా కొట్టుకు చేరతాయి. రెండో స్థానం జీఎస్టీ తగ్గింపుకు, దాని లాభం ఈ ఏడాదితో ఆగదు కాబట్టి. రిబేటు మూడోది. మీ సొంత ఇంటి లెక్క వేరు కావచ్చు: జీతం 7.75 లక్షలకూ 12.75 లక్షలకూ మధ్య ఉంటే మీకు రిబేటే అన్నిటికన్నా పెద్దది, మొహమాటం లేకుండా తీసుకోండి. 12 లక్షలకు పదివేలు ఎక్కువైందని కూడా భయపడకండి. మార్జినల్ రిలీఫ్ ఉంది, ఆ పదివేలకు మించి పన్ను వేయరు, పైన సెస్సు మాత్రం ఉంటుంది. షేర్లు అమ్మిన లాభం మీద పడే ప్రత్యేక రేటు పన్నుకు మాత్రం ఈ మాఫీ వర్తించదు. అలాగే ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి విదేశంలో ఉంటున్న పిల్లలకు కూడా. 87ఏ మాఫీ రెసిడెంట్లకే, అంటే పన్ను లెక్కలో ఇక్కడ ఉంటున్నవాళ్లకే. అద్దె నెలకు పాతికవేలే కదా అని అనుకోకండి. ఇల్లు కొడుకు పేరు మీద ఉండి అతను ఎన్నారై అయితే అద్దెకున్నవాళ్లు టీడీఎస్ కోసి కట్టాలి, అది తిరిగి రావాలంటే అతను ఇక్కడ రిటర్న్ వేయాలి.